నేను పడిపోయినప్పుడు

పోయిన ఆదివారం కరీంనగర్‌లో పెద్దబిడ్డ ఇంట్లో స్నానానికి వెళ్లి, ఎప్పటిలాగే తలుపు దగ్గరకు వేసి గొళ్లెం పెట్టకుండా ఉంటే, మనవరాలు తెలియక తోసుకొచ్చి, అమ్మమ్మకు గొళ్లెం పెట్టడం కూడా రాదని ఇల్లంతా చాటింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, పెద్దబిడ్డ ఒక్కతే నవ్వలేదు. ఆ ముఖం చూసినప్పటి నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు.

నాకు మూర్ఛ మొదలైంది పెళ్లయ్యాక, రెండో బిడ్డ కడుపులో ఉండగా. మా ఆయన బొగ్గుబావిలో పనిచేసేవాడు. క్వార్టర్లలో ఒక ఇంట్లో జరిగింది పది ఇళ్లకు తెలియడానికి ఎంతసేపు? నేను పడగానే ఒకరు ఇనుప తాళంచెవులు చేతిలో కుక్కేవారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా దూర్చేవారు. చెన్నూరు నుంచి మా అత్త వచ్చి నన్ను కొండగట్టు గుడికి తీసుకుపోయి పదకొండు రోజులు నిద్ర చేయించింది. దేవుడి మీద నాకు ఏనాడూ కోపం లేదు గాని, మొక్కు పేరు చెప్పి ఇంట్లోవాళ్లు డాక్టరు రాసిన మాత్రలు మాన్పించడంతో పడిపోవడం మరీ ఎక్కువైంది. మా ఆయన తిట్టలేదు, కొట్టలేదు, భయపడ్డాడు. ఒకనాడు నన్నూ ఇద్దరు ఆడపిల్లలనూ మా పుట్టినూరు హుజూరాబాద్ బస్సు ఎక్కించి, వారంలో వస్తానన్నాడు. రాలేదు. మరుసటి ఏడు మారుమనువు చేసుకున్నాడని విన్నాను.

అన్న ఇంట్లో ఎన్నాళ్లుంటాం? జబ్బు అంటుకుంటుందని వదిన తన పిల్లలను నా చేతి అన్నం తిననిచ్చేది కాదు. ఒక గది కిరాయికి తీసుకుని, ప్రింటింగ్ ప్రెస్‌లో నోటుబుక్కులు కుట్టే పనికి కుదిరాను. జబ్బు సంగతి మొదటిరోజే చెప్పేశాను. యజమాని కాగితాలు కోసే మిషన్‌కు దూరంగా గోడవార కూర్చోమన్నాడు. ఆ మాటకే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో స్టవ్ నేల మీదే పెట్టి వండేదాన్ని, స్నానానికి పోతే తలుపుకు గొళ్లెం పెట్టేదాన్ని కాదు, మరిగే నీళ్ల గిన్నె ఎన్నడూ ఎత్తేదాన్ని కాదు, చిన్నదాన్ని రాయి మీద కూర్చోబెట్టి చెంబుతోనే నీళ్లు పోసేదాన్ని. దాన్ని ఎత్తుకుని నిలబడి చందమామను చూపించిన తల్లిని కాను నేను. పెద్దదానికి ఆరేళ్లు రాగానే ఆటలాగా నేర్పాను: నేను చాప మీద కళ్లు మూసుకుని పడుకుంటే అది నన్ను పక్కకు తిప్పాలి, తల కింద బట్ట పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం పెద్దముల్లు ఒక అంకె నుంచి ఇంకో అంకెకు పోయినా నేను కొట్టుకోవడం ఆగకపోతే పక్కింటి కాంపౌండరును పిలవాలి. చిన్నది వెళ్లి తలుపు తీసి పెట్టాలి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మా అత్త వచ్చింది, పిల్లలను చెన్నూరు తీసుకుపోతానని. ఆమెది చెడ్డ మనసు కాదు. ఆ పిల్లలంటే ప్రాణం.

"నువ్వు పొయ్యి మీద పడ్డనాడు గీ పిల్లలకు ఎవలు దిక్కు బిడ్డా?" అంది.

ఆమె పిల్లల గౌన్లు మడిచి సంచిలో పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నోరు చేదయింది, గోడ ఒరిగినట్టయింది, అంతే. తర్వాత జరిగింది పెద్దది చెబితేనే తెలిసింది. అత్త మొలలోని తాళంచెవుల గుత్తి తీసి నా పిడికిట్లో పెట్టబోతే, పెద్దది ఆమె చెయ్యి పట్టుకుందట.

"వద్దు బాపమ్మా. పక్కకు తిప్పి పండవెట్టాలె. ఆమెనే లేస్తది."

నేను కళ్లు తెరిచేసరికి తల కింద తువ్వాలు ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది, అత్త మూలన కూలబడి ఉంది. కాసేపటికి లేచి, గౌన్లన్నీ సంచిలోంచి తనే తీసి దండెం మీద వేసింది. మరునాడు పొద్దున ఒక్కతే బస్సెక్కుతూ అంది:

"పిల్లలు నీ కాడనే ఉండనియ్. గాని, గింత చిన్నదాన్ని గంత పెద్దదాన్ని చేసినవ్ బిడ్డా."

ఆనాడు నాకు మొదటి మాటే వినపడింది. గెలిచానన్న సంతోషంలో ఇల్లు చేరాను. రెండో మాట వినపడటానికి ఇన్నేళ్లు పట్టింది.

తర్వాత మంచి డాక్టరు దొరికి మాత్ర మార్చాడు, పడిపోవడం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. బిడ్డలిద్దరూ చదువుకుని నౌకరీలు చేస్తున్నారు. ఇప్పుడు మనవరాలి బడిలో ఒక పిల్లకు ఫిట్స్ వస్తే టీచరే పక్కకు తిప్పి పడుకోబెడుతుందట, తక్కిన పిల్లలు ఆ పిల్ల పక్కనే కూర్చుని అన్నం తింటారట. ఆ సంగతి విని ఎంత సంతోషపడ్డానో అంత కలతపడ్డాను. ఈ రోజులు కొంచెం ముందే వచ్చి ఉంటే, పెద్దవాళ్లు చేయాల్సిన పని నా బిడ్డ మీద పడేది కాదు కదా.

మొన్న సాయంత్రం ఉండబట్టలేక పెద్దబిడ్డను అడిగాను, చిన్నప్పుడు నీకు ఏ ఆట ఇష్టంగా ఉండేదని. చాలాసేపు ఆలోచించింది. చెల్లెకు అష్టాచెమ్మా అంటే బాగా ఇష్టముండె, అని చెప్పింది. తన సంగతి చెప్పలేదు. మళ్లీ అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.