చచ్చిన కణాల మెరుపు

ఆ ప్రయోగశాలలో ఆవిడను అందరూ గొర్రెలక్క అంటారు. ఆ పేరు పెట్టింది షెడ్డులో గొర్రెలను చూసుకునే తాత. ఇరవై రెండేళ్లుగా గొర్రెల తుంటి ఎముకలో సూది దించి మజ్జను తీసేది ఆవిడే కనుక, ఆ పేరును ఆవిడ ఒక పట్టా లాగే భావించింది.

మజ్జలోని వేలాది కణాలలో, రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఏ ఒకటో రెండో ఉంటాయి. వాటిని పోల్చుకోవాలంటే, వాటికి మాత్రమే అతుక్కుని యంత్రంలో మెరిసే యాంటీబాడీ కావాలి. బజారులో దొరికేవి ఎక్కువగా మనిషి కోసమో ఎలుక కోసమో తయారైనవి; గొర్రె కణాలను అవి పట్టించుకోవు. గొర్రెకు తగినదాన్ని తయారుచేయడానికి గొర్రెలక్క నాలుగేళ్లు తంటాలు పడింది. తన పుట్టినరోజు మరిచిపోయే మనిషి ఆ యాంటీబాడీ సీసాల తేదీలు మాత్రం కళ్లు మూసుకుని చెబుతుందని ఇంట్లో భర్త దెప్పేవాడు. అది నిజమే.

ఆవిడ సీసాకు ఇంకా రెండు పరీక్షలు మిగిలి ఉండగానే, ప్రయోగశాలను నడిపే పెద్ద డాక్టరుకు ఓపిక నశించింది. మనిషి కణాల కోసం చేసిన యాంటీబాడీ సీసా ఒకటి తెప్పించి, ఆవిడ సెలవులో ఉన్న రోజున, ఒక ఆడ గొర్రెపిల్ల మజ్జపై తానే పరీక్ష చేశాడు. నూటికి నలభై కణాలు మెరిశాయి. ఇక ఆగలేక, గురువారం నాడు అదే పిల్ల మజ్జను మళ్లీ తీసి, ఆ సీసాతో కణాలను ఏరి, ఎముకలలో మిగిలిన మజ్జను రేడియేషన్‌తో నిర్మూలించి, ఏరిన కణాలను దానికి తిరిగి ఎక్కించాలని నిర్ణయించాడు. అవి నిజంగా మూలకణాలైతే పిల్ల బతుకుతుంది. కాకపోతే రక్తం పుట్టక చస్తుంది.

సోమవారం ఆ పరీక్ష ఫలితాల కాగితం చూడగానే గొర్రెలక్కకు ఒళ్లు మండింది. నూటికి ఒకటి కూడా ఉండని కణాలు నలభై ఎలా అయ్యాయి? తాతను అడిగితే తెలిసింది: ఎవరో అతిథులను తిప్పి చూపిస్తూ, డాక్టరు ఆ మజ్జను ఉదయం నుంచి సాయంత్రం దాకా బల్లమీదే వదిలేశాడట. అంతసేపు బయట ఉంటే కణాలు చస్తాయి. చచ్చిన కణానికి విచక్షణ ఉండదు. ఏ యాంటీబాడీ తగిలినా జిగురులా పట్టుకుని మెరుస్తుంది. చచ్చినవాటిని వేరుచేసి చూపే రంగును ఆయన వేయనే లేదు.

గొర్రెలక్క నేరుగా యంత్రం దగ్గరికి వెళ్లింది. మిగిలిన ఆ మజ్జకే, గొర్రె కణాలతో ఏ సంబంధమూ లేని మరో యాంటీబాడీని కలిపింది. నూటికి ముప్పై ఎనిమిది మెరిశాయి. రెండు కాగితాలనూ డాక్టరు ముందు పక్కపక్కన పెట్టింది.

యంత్రం నడపడం ఆవిడ పని అనీ, అర్థం చెప్పడం తన పని అనీ, తేదీ ఖాయమైపోయిందనీ ఆయన అన్నాడు.

"తేదీ మీది సార్, సంతకం నాది. కణాలు ఇవేనని నేను రాస్తేనే పిల్ల షెడ్డు దాటుతుంది. నేను రాయను."

"ఒక్క గొర్రెపిల్ల కోసం ఇంత గొడవా?"

"తప్పు కణాలు ఎక్కించి దాన్ని చంపి, ఈ వైద్యమే గొర్రెకు పనికిరాదని రాస్తారు. అందుకే గొడవ."

గురువారం పిల్ల షెడ్డులోనే ఉంది. శుక్రవారం గొర్రెలక్కను సామాన్ల గదికి మార్చారు. చేతితొడుగుల పెట్టెలు సర్దుతూ, కుతకుత ఉడికిపోతూనే, భోజన విరామాలలో మిగిలిన రెండు పరీక్షలనూ ఆవిడ పూర్తిచేసింది.

అయిదు నెలల తరువాత డాక్టరు ఆ గదికే వచ్చి ఆవిడ సీసాను అడిగాడు. ఇవ్వకపోతే ఈయన మరో పిచ్చి సీసా తెస్తాడని ఆవిడకు తెలుసు. సీసాతోపాటు ఒక కాగితం కూడా ఇచ్చింది: మజ్జను రెండు గంటలలోపు వాడాలి, చచ్చిన కణాలను తీసేయాలి, సంబంధం లేని యాంటీబాడీతో కూడా సరిచూడాలి.

"నా మీద నమ్మకం లేదా?"

"లేదు సార్. సంతకం పెట్టండి."

ఆయన పెట్టాడు.

ఈసారి ఏరిన కణాలను ఎక్కించిన ఇరవయ్యో రోజున అదే పిల్ల రక్తం తీసింది గొర్రెలక్కే. రక్తకణాల సంఖ్య పెరుగుతోంది. పిల్ల ఆవిడ కొంగు నమలబోయింది. కోపం ఇప్పటికైనా పోయిందా అని డాక్టరు నవ్వుతూ అడిగాడు.

"పోలేదు సార్" అంది ఆవిడ, సూదికి మూత పెడుతూ. "ఆ గురువారం మీరు దీన్ని చంపేసేవారు."