గంగాళంలో గోదారి

ఆ రోజుల్లో మా కొవ్వూరు వైపు వాళ్ళకి మన్యం అడవుల్లో పులి కన్నా నీళ్ళంటేనే ఎక్కువ భయం. పులి ఎదురైతే చెట్టయినా ఎక్కవచ్చు, కడుపులోకి పోయిన నీళ్ళ నుంచి ఎక్కడికి పారిపోతాం అనేది మా నాయనమ్మ. ఆ వాగుల నీళ్ళు ఒక్క గుక్క తాగినా సరే, మూడో రోజుకల్లా చలిజ్వరం వచ్చి మనిషిని తీసుకుపోతుందని ఆవిడ నమ్మకం. (ఇప్పుడు డాక్టర్లు అదంతా దోమల పని అంటున్నారు. అప్పట్లో దోమల్ని ఎవరూ అనుమానించలేదు.)

నాకు తొమ్మిదో ఏట పెద్ద జబ్బు చేసి తగ్గింది. నా తలనీలాలు ఇస్తానని నాన్న భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాడు. ఎండాకాలం, గోదావరిలో ఇసుక తేలి పడవలు సాగడం లేదు. అందుకని బండి కట్టాడు. అడవిదారిన ఆరు రోజుల ప్రయాణం, వంటా పడకా అన్నీ దారిలోనే. నాయనమ్మ రాగి గంగాళం నిండా గోదావరి నీళ్ళు పోయించి, మూతికి గుడ్డ కట్టి, బండిలో గడ్డి మధ్య నిలబెట్టింది. "ఒసే, దీన్ని పట్టుకుని కూర్చో. మీ నాన్న ప్రాణం ఇందులో ఉంది" అంది. ఎడ్లు మాత్రం వాగు నీళ్ళే తాగాలట. మరి వాటికి జ్వరం రాదా అని అడిగితే, "వాటికి మీ నాయనమ్మ చెప్పలేదు కదే" అన్నాడు నాన్న.

రెండో రోజు మొదటి కొండ వచ్చింది. మా ఎడ్లు పుట్టి బుద్ధెరిగి కాలవ గట్టు కన్నా ఎత్తైనదేదీ ఎక్కలేదు. సగం దూరం వెళ్ళి, ఇక మా వల్ల కాదన్నట్టు నిలబడిపోయాయి. నాన్న దిగి చక్రం తోస్తూ "పదండర్రా, నా బాబులు కదూ!" అని బతిమాలుతున్నాడు. బండి వెనక్కి ఒరిగింది. నేనూ గంగాళమూ కలిసే జారాం. నేను గూడు బద్ద పట్టుకుని ఆగాను, గంగాళం ఆగలేదు. పైకి చేరేసరికి అందులో చెంబెడు నీళ్ళు మిగల్లేదు. చక్రం తోసే హడావిడిలో నాన్న అది చూడలేదు.

వాగు ఒడ్డున బండి విప్పి నాన్న పుల్లలు ఏరడానికి వెళ్ళాడు. నీళ్ళు ఒలికిపోయాయని చెబితే కొడతాడని కాదు, ఆయన ఎన్నడూ నన్ను కొట్టలేదు. వెనక్కి తిరుగుదాం అంటాడని భయం. మొక్కు తప్పితే రాముడు నా జబ్బు నాకు తిరిగి ఇచ్చేస్తాడు కదా! చెంబు పట్టుకుని వాగుకీ బండికీ కాళ్ళు పడిపోయేలా తిరిగి, గంగాళం నింపి, గుడ్డ కట్టేశాను.

నాన్న వచ్చి గటగటా తాగాడు. "ఎన్ని చెప్పు, గోదారి నీళ్ళు గోదారి నీళ్ళేనే! ఈ వాగుల్లో ఇంత తీపి ఉంటుందా?" అన్నాడు. నేను వేళ్ళ మీద మూడు రోజులు లెక్కపెట్టుకున్నాను. మర్నాడు చెంబులో గోరంత చేపపిల్ల కనిపించింది. "మన రేవు నుంచి మనతోపాటే వచ్చిందే, పాపం!" అని మురిసిపోయి, దాన్ని మళ్ళీ గంగాళంలో వదిలి మెతుకులు కూడా వేశాడు.

దారిలో నెమళ్ళని చూపించాడు, జింకల్ని చూపించాడు. నేను ఆయన ముఖం తప్ప ఏమీ చూడలేదు. కళ్ళు ఎర్రబడ్డాయా, పెదాలు వణుకుతున్నాయా అని అదే ధ్యాస. దుమ్ము తుడిచే వంకతో గంటకోసారి నుదురు తడిమేదాన్ని. ఆయన పోతే అడవిలో నేనొక్కదాన్నీ ఉండి ఏం చేస్తానని, ఆ నీళ్ళే నేనూ రెండింతలు తాగాను.

ఆ నీళ్ళు తాగిన మూడో రోజు మధ్యాహ్నం మిరపకాయల పోపు వేస్తూ నాన్న తుమ్మాడు. నేను బావురుమన్నాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను.

నాన్న గరిటె కింద పెట్టాడు. ముఖం పాలిపోయింది. "అవునే, పొద్దుటి నుంచీ ఒళ్ళు తేడాగానే ఉంది" అన్నాడు. (పొద్దున్నే పాట పాడుకుంటూ ఎడ్లు కడిగాడు.) మండుటెండలో బొంత కప్పుకుని బండిలో పడుకుని, గేదెని అమ్మవద్దని అమ్మతో చెప్పమన్నాడు. నిజంగానే వణుకుతున్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకుని రాముడికి నా తలతోపాటు నన్ను కూడా ఇచ్చేస్తానని మొక్కుకున్నాను.

అటుగా తేనె అమ్ముకునే కొండ ముసలాయన ఒకడు వచ్చాడు. సంగతి విని చాలాసేపు నవ్వాడు.

"ఈ వాగులన్నీ ఎక్కడికి పోతాయనుకున్నారు బాబూ? గోదారిలోకేనండి. ఇక్కడ మేం కాళ్ళు కడుక్కున్న నీళ్ళే కింద మీరు తాగేదండి!"

బొంతలోంచి నాన్న తల బయటికి వచ్చింది. "అంటే మా గోదారి నీళ్ళేనా?"

"మీకన్నా ముందు మావేనండి."

నాన్న లేచి కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "ఏమే, ఆ చారు చల్లారిపోతోంది, వడ్డించు. నాయనమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు.

మొక్కు తీరింది, గుండుతో ఇల్లు చేరాను. నాన్న ఆ తర్వాత పాతికేళ్ళు బతికాడు. కానీ ఆ మూడు రోజులు చూసినంత శ్రద్ధగా ఆయన ముఖం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. పెళ్ళి, పిల్లలు, పొయ్యి, వీటితోనే సరిపోయింది. ఇప్పుడు మా పిల్లలు మంచినీళ్ళ చెంబు నా పక్కన పెట్టి పరుగున వెళ్ళిపోతుంటే, ఒక్క క్షణం ఆగి నా ముఖం చూడకూడదా అనిపిస్తుంది. అలా ఎవరైనా ఆగి చూశారో, ఆ నీళ్ళు మాత్రం నేను ముట్టుకోను.