ఎలుక ఏడాదిలో పుట్టిన ఇద్దరు

తొక్రావు ఏటి మైదానంలో నీ వయసెంత అని ఎవరూ అడగరు, నువ్వు ఏ ఏడాదివాడివని అడుగుతారు. పన్నెండేళ్లకు పన్నెండు జంతువులు. చక్రం తిరిగి మళ్లీ ఎలుక దగ్గరికే వస్తుంది. ఎవరి మీదుగా ఎన్ని చక్రాలు దొర్లాయో ముఖమే చెబుతుంది గనక ఆ లెక్క ఎవరూ పైకి చెప్పుకోరు.

సార్సెన్‌బాయ్ ఎలుక ఏడాదివాడు. ఓర్దాబెక్ కూడా ఆ ఏడాదివాడే, అదే వసంతంలో పదిహేను రోజుల తేడాతో పుట్టాడు. ఓర్దాబెక్ తల్లికి పురిటి జ్వరం వచ్చి పాలు ఎండిపోతే, సార్సెన్‌బాయ్ తల్లి బాల్‌ఖియా ఆ పసివాణ్ణి తెచ్చి రెండో రొమ్ముకు పెట్టుకుంది. ఆ మైదానంలో ఒకే పాలు తాగినవాళ్లు అన్నదమ్ముల కింద లెక్క. ఒకడి గుర్రాన్ని ఇంకొకడు అడక్కుండా ఎక్కుతాడు. వాళ్ల పిల్లల మధ్య పెళ్లి సంబంధాలు కుదరవు.

ఓర్దాబెక్ రష్యన్ చదువు నేర్చి ఆ లోయకంతా పెద్ద అయ్యాడు. సార్సెన్‌బాయ్ విల్లో కర్రను వంచడం నేర్చాడు. ఉన్ని కప్పిన గుండ్రటి ఇళ్లకు కావలసిన జాలీ గోడలు, కప్పు వాసాలు, నడినెత్తిన కూర్చునే చక్రం చేస్తాడు. పచ్చి కర్రను వేడి పేడలో పొదిగి, అది మెత్తబడి లొంగే క్షణం కోసం చెవి ఒగ్గి కూర్చునేవాడు. అతను చేసిన చక్రంలోంచి చూస్తే ఆకాశం ఒక మెట్టు దిగి వచ్చినట్టుంటుందని అక్కడి ఆడవాళ్లు అనేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఆ చక్రాల కింద అతనూ, తల్లీ.

యుద్ధం వచ్చిందని ఒక శరత్తులో తెలిసింది. జర్మన్ అంటే ఊరో, జబ్బో, మనిషి పేరో చాలామందికి అంతుపట్టలేదు. మొదటి ఏడాది అది గుర్రాలను అడిగింది. పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరు ఒక్కొక్క గుర్రం పెదవి ఎత్తి పళ్లు చూశాడు. వయసు విషయంలో ఒక్కడు కూడా అతన్ని మోసం చెయ్యలేకపోయాడు. రెండో ఏడాది గాయపడినవాళ్లకని ఉన్ని ఇళ్లను అడిగింది. సార్సెన్‌బాయ్ పదకొండు ఇళ్లకు కర్ర వంచి ఇచ్చాడు, ఎవరో ముక్కూ ముఖం తెలియని కుర్రాడు తన చక్రంలోంచి ఆకాశం చూస్తూ కోలుకుంటాడని తలుచుకుంటూ. యుద్ధమంటే రైలు పట్టాల అవతలి కొసన తెరుచుకుని ఉన్న ఒక నోరు అని ఆ మైదానం మెల్లమెల్లగా అర్థం చేసుకుంది.

ఆ తర్వాతి వసంతంలో ఓర్దాబెక్ గొర్రె తలకాయ కూర పట్టుకుని ఇంటికొచ్చాడు. బాల్‌ఖియా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నాకిచ్చిన పాల రుణం మన్నించమ్మా అని అడిగాడు. దూరప్రయాణానికి బయల్దేరేవాడు, చావు దగ్గరపడిందనుకున్నవాడు అడిగే మాట అది. ఎక్కడికి పోతున్నావు నాయనా అని ముసలామె కంగారుపడింది. ఎక్కడికీ లేదు, రోజులు బాగాలేవు అన్నాడు. ఆమె రెండు అరచేతులూ చాచి మన్నించానంది. సార్సెన్‌బాయ్ నవ్వి, పెద్దరికం ముదిరి భయం పట్టుకుందిరా నీకు అని వీపు చరిచాడు.

వేసవి మేతకు కొండవాలు చేరాక జార్ ఆజ్ఞ వచ్చింది. పందొమ్మిది నుంచి ముప్పై ఒకటి దాకా వయసున్న మగవాళ్లంతా యుద్ధభూమికి వెళ్లి కందకాలు తవ్వాలి. తుపాకి ఇవ్వరు, పార ఇస్తారు. పుట్టుక కాగితాలు లేని చోట పెద్ద రాసిన ఇంటి జాబితాయే కాగితం. గుమాస్తా చదువుతూ, "సార్సెన్‌బాయ్, ఎలుక ఏడాది, ఇరవై ఎనిమిది" అన్నప్పుడు జనం పకపకా నవ్వారు. ఒక ముసలాయన, "ఒరేయ్, నీ గడ్డం నీకంటే ముందు పుట్టిందట్రా" అన్నాడు. సార్సెన్‌బాయ్ కూడా నవ్వాడు. ఆ తర్వాత ఓర్దాబెక్ సొంత తమ్ముడు మౌలెన్ పేరు వచ్చింది. ఎలుక ఏడాది, నలభై. మీసం నిండా నలుపున్న మౌలెన్ తల వంచుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండు చోట్లా ఏడాది నిజమే. మధ్యలో పన్నెండేళ్ల చక్రం ఒకటి మాత్రం సార్సెన్‌బాయ్ నుంచి జారి మౌలెన్‌కి చేరింది.

మర్నాడు పొద్దున్నే ఇరవైమంది గుర్రాలెక్కారు. ఓర్దాబెక్ ఇల్లు, అందులోని జాబితాలు కలిపి తగలబెడతామన్నారు. అక్కడక్కడ పెద్దలను చంపేస్తున్నారని కూడా వినికిడి. సార్సెన్‌బాయ్ వాళ్ల దారికి అడ్డంగా నిలబడ్డాడు. గుమాస్తా పొరపాటై ఉంటుందన్నాడు. వాడు నా తల్లి పాలు తాగినవాడు, వాడి మాటకు నా తల పూచీ అన్నాడు. అతనంటే గౌరవం గనక వాళ్లు గొణుక్కుంటూనే వెనక్కి మళ్లారు.

సార్సెన్‌బాయ్ తిన్నగా ఓర్దాబెక్ దగ్గరికి వెళ్లాడు. ఓర్దాబెక్ అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కాగితం పట్నం చేరిపోయిందట, ఇప్పుడు తను దిద్దితే అక్కడి రష్యన్ దొర తననే అనుమానిస్తాడట. "నువ్వే వచ్చి దొరకి చెప్పరా. పక్కనే ఉంటా. నన్నడిగితే నిజం చెబుతా" అన్నాడు. ఆ చేతి వేడి సార్సెన్‌బాయ్‌కి ఇల్లు చేరేదాకా అరచేతిలో ఉంది.

దొర డేరా వేసుకుని కూర్చున్న రోజున లోయలోని మగవాళ్లంతా పచ్చిక మీద గుంపుగా కూర్చున్నారు. సార్సెన్‌బాయ్ ముందుకెళ్లి దుబాసీతో చెప్పాడు: తనూ పెద్దా ఒకే వసంతంలో పుట్టారు, ఒకే రొమ్ము తాగారు, పెద్దకు ఎన్నేళ్లో తనకూ అన్నేళ్లే. అప్పుడు గుర్రాల సంగతి తట్టింది. పెదవి పైకెత్తి అరిగిన పళ్లు చూపించాడు. దొర కాసేపు చూసి, విసుగ్గా ఓర్దాబెక్ వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు.

"పాలు నిజమే దొరా" అన్నాడు ఓర్దాబెక్. "ఆ తల్లి నన్ను పెంచింది. నేను పాలు మానేసిన ఎన్నో ఏళ్లకి పుట్టాడు వీడు. కర్ర పనికి మనిషి త్వరగా అరిగిపోతాడు."

సార్సెన్‌బాయ్ గుంపు వైపు చూశాడు. అక్కడున్న వందమందికీ నిజం తెలుసు. ఆ వందమందికీ ఒక కొడుకో, తమ్ముడో ఆ కాగితంలో ఉన్నాడు. వాడి వయసు చక్రాన్ని అటో ఇటో దొర్లించే చెయ్యి ఓర్దాబెక్‌దే. ఆ రోజు గుర్రాలెక్కినవాళ్లు కూడా గడ్డిపరకలు తెంపుకుంటూ ఉండిపోయారు. ఏటి మీద గాలి లేచి, పచ్చిక అంతా ఒకే వైపుకు వంగింది.

ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. బాల్‌ఖియా చేతిలోని ఉన్ని పక్కన పెట్టింది. ఆ మైదానంలో తల్లి శాపం ఒకటుంది. రొమ్ము తీసి, ఇచ్చిన పాలను ఆకాశంలోకి పిండేస్తే ఆ పాలు తాగినవాడు నిలవడని నమ్మకం. ఆమె చెయ్యి పైకి లేచి, మెడ దగ్గర బొత్తం మీద ఆగిపోయింది.

"వసంతంలో మన్నించేశాను కదరా, మన్నించిన పాలతో శపించడానికి లేదు" అంది. "అందుకే వచ్చాడు వాడు."

గొర్రె తలకాయ కూర, ఆ మోకాళ్లు, వీపు మీద తను చరిచిన చరుపు, అన్నీ ఒక్కసారిగా సార్సెన్‌బాయ్ మీద పడ్డాయి. అప్పటికి జార్ ఆజ్ఞ ఇంకా రాలేదు. అయినా మనుషులను అడుగుతారని ఓర్దాబెక్‌కి ఎక్కడో తెలిసింది. జాబితా రాసింది ఆ తర్వాత. ముందు పాలు.

కొండల్లోకి పారిపోతున్నవాళ్లు వచ్చి రమ్మన్నారు. తను పోతే తన బదులు పక్కింటి పిల్లవాణ్ణి లెక్కలో వేస్తారని సార్సెన్‌బాయ్‌కి తెలుసు. పైగా, ఓర్దాబెక్‌కు పూచీపడి ఆ రోజు తగలబెట్టబోయినవాళ్ల చేతిలోంచి వాణ్ణి జారిపోనిచ్చింది తనే. మీరు వెళ్లండన్నాడు.

బయల్దేరే పొద్దున బాల్‌ఖియా తన పరుపు, టీ గిన్నె మూటకట్టి, "నన్నూ బండెక్కించు" అంది. ఎక్కడికని అతను అడిగితే చెప్పలేదు, దారి మాత్రం చూపించింది. బండి ఓర్దాబెక్ తెల్ల ఉన్ని ఇంటి ముందు ఆగింది. లోపల దుబాసీ, నలుగురు పెద్దమనుషులు టీ తాగుతున్నారు. ఆమె నేరుగా వెళ్లి, తలుపుకెదురుగా గౌరవ స్థానంలో మూట దించుకుని కూర్చుంది. పాలిచ్చిన తల్లిని అక్కణ్ణుంచి లేపే మగవాడు ఆ మైదానంలో లేడు.

"నా కొడుకు యుద్ధానికి పోతున్నాడు" అంది. "ఇంకో కొడుకింటికి వచ్చాను. ఇక ఇక్కడే."

ఓర్దాబెక్ టీ గిన్నె అందించాడు. ఆమె అందుకోలేదు.

"ముసలిదాన్ని, మర్చిపోతున్నా. నీకిప్పుడెన్నేళ్లు నాయనా?"

పెద్దమనుషులు ఆమె వైపు తిరిగారు. దుబాసీ కూడా గిన్నె దించాడు. బయట సార్సెన్‌బాయ్ కళ్లేలు పట్టుకుని నిలబడ్డాడు.

"నలభై అమ్మా" అన్నాడు ఓర్దాబెక్ నెమ్మదిగా.

"మరి వాడికి?"

జవాబు వచ్చేదాకా ఆగితే రైలు అందదని సార్సెన్‌బాయ్ బండి మళ్లించాడు.