హవీస్ నోరు మూసిన పొద్దు

మార్ల్‌బెక్‌లో ఇంట్లో బీరు కాచి అమ్మే ఆడవాళ్ళు నలుగురు. సరుకు సిద్ధమైందని తెలియడానికి ముగ్గురు గుమ్మం మీద కర్రకు పచ్చని కొమ్మ కట్టేవాళ్ళు. నాలుగో ఆవిడ హవీస్‌కు ఆ కొమ్మతో పని లేదు. పీపా మూత తీయగానే ఆమె గొంతు చర్చి దాకా, ఆపైన గొర్రెల బీడు దాకా వినిపించేది. ఊరి మగవాళ్ళు చెంబులు పట్టుకుని బయల్దేరేవాళ్ళు.

ఆ గొంతు ఆమె తప్పు కాదు. పుట్టింది పిండిమరలో. రాళ్ళు తిరుగుతుంటే పసిబిడ్డ పాలడగాలన్నా అరిచే అడగాలి. అలా మొదలైన అరుపు మర వదిలి కాపురానికి వచ్చాక కూడా తగ్గలేదు. ఆదివారం పూజలో ఫాదర్ హామో అటు బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో గొణుగుతుంటే, ఈమె ఇటు పక్కావిడతో తన దూడకు పట్టిన పారుడు గురించి చెబుతూ ఉండేది. ఒకసారి ఆయన విసిగిపోయి వెనక్కి తిరిగి చూశాడు.

"మీరు ఆ పైనున్నాయనతో చెప్పుకోండి ఫాదర్, నేను ఈవిడతో చెప్పుకుంటున్నా. ఎవరి పని వాళ్ళదేగా" అంది హవీస్. చర్చంతా గొల్లుమంది. పాపం, ఫాదర్ హామో కూడా నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు పొత్తానికేసి ముఖం ఆనించుకున్నాడు.

ఇలాంటి మనిషికి దేవుడు ఆస్‌బర్ట్‌ను మొగుడిగా ఇచ్చాడు. ఇళ్ళకు రెల్లు కప్పడం అతని పని. రోజంతా కప్పు మీద ఒంటరిగా కూర్చోవడం, సాయంత్రం దిగి వచ్చి పొయ్యి దగ్గర కూర్చోవడం. హవీస్ ఊళ్ళో సంగతులన్నీ చెబుతూ ఉంటే "ఊఁ" అనేవాడు. బాగా నచ్చితే "ఊఁ ఊఁ" అనేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతని నోట్లోంచి వచ్చిన మాటలన్నీ కలిపినా ఆమె ఒక్క సంత రోజున మాట్లాడినన్ని ఉండవు.

"గోడకు చెప్పినా కాస్త సున్నం రాలుతుంది. ఈయనకు చెబితే అదీ లేదు" అని వాపోయేది హవీస్. అందరూ అది ఆమె వేళాకోళం అనుకునేవాళ్ళు. కానీ అది ఆమెకు నిజంగానే బాధ. ఇంత చెప్పి, ఇన్నేళ్ళు చెప్పి, ఒక్క ముక్కయినా ఆ మనిషి చెవిలో నిలిచిందా అని ఎన్నోసార్లు దిగులుపడేది.

ఈస్టర్ వెళ్ళిన రెండో వారంలో ఆస్‌బర్ట్‌కు గొంతు వాచింది. మొదట రొట్టె దిగలేదు. తర్వాత గంజి దిగలేదు. నాలుగో రోజుకు నాలుక వెనక కోడిగుడ్డంత గడ్డ లేచి, ఊపిరి ఈలలా రావడం మొదలైంది. మందులెరిగిన విమార్క్ ముసలమ్మ వచ్చి చెంచా కాడతో అతని నాలుక నొక్కి చూసి, హవీస్‌ను పెరట్లోకి పిలిచింది.

"ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఊపిరాడదే అమ్మాయ్. ఒకటే దారుంది. దక్షిణానికి పారే వాగు నీళ్ళు తేవాలి. సూర్యుడు పొడవకముందే ముంచాలి. దారిలో కుండ నేలకు తగలకూడదు. ముంచిన క్షణం నుంచి ఆయన ఆ నీళ్ళు తాగేదాకా తెచ్చే మనిషి నోట ఒక్క మాట రాకూడదు."

"ఒక్క మాటా?"

"'అబ్బా' అన్నా మాటే. అన్నావంటే అవి ఉత్త కాలవ నీళ్ళు. ఒకే రోగికి రెండోసారి పనిచేయవు కూడా."

హవీస్ ముఖం పాలిపోయింది. "ఇంకెవరినైనా పంపితే?"

"కట్టుకున్నదే తేవాలి." విమార్క్ ఆమెను నఖశిఖపర్యంతం చూసి నిట్టూర్చింది. "ఏ మూగదాన్నో కట్టుకున్నా బాగుండేది వీడు. ఏం చేస్తాం, వీడి రాత."

మర్నాడు తెల్లవారుజామున హవీస్ బయల్దేరింది. వాగు కోసున్నర దూరం. వెళ్ళేటప్పుడు మాట్లాడకూడదని ముసలమ్మ అనలేదు కాబట్టి ఆ దారంతా మాట్లాడుతూనే నడిచింది. కంచెలతో, గొర్రెలతో, తన చెప్పుల్లో దూరిన గులకరాయితో మాట్లాడి, వచ్చేటప్పుడు వాడాల్సిన మాటలు కూడా ముందే వాడేసింది. వాగొడ్డున నిలబడి, "దేవుడా, ముప్పై ఏళ్ళు నా వాగుడు విని ఊరుకున్నావు. ఒక్క పూట నా నోరు నువ్వే పట్టుకో" అని మొక్కుకుంది. కుండ ముంచింది. పెదాలు బిగించింది.

మొదటి పావుకోసు బాగానే నడిచింది. వంతెన దగ్గర మఠం గేటుంది. అక్కడి కాపలా బ్రదర్ వారిన్. మఠంలో పొద్దుటి ప్రార్థన అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఏం కావాలన్నా వేళ్ళతోనే చెప్పుకోవాలి. చిటికెన వేలు పితికితే పాలు, అరచెయ్యి తోకలా ఆడిస్తే చేప. మఠానికి బీరు తెచ్చి పోస్తూ హవీస్ ఇరవై ఏళ్ళుగా ఆ సైగలన్నీ చూస్తోంది. ఆమె గలగలా వాగడం, ఆయన వేళ్ళతో జవాబివ్వడం వాళ్ళిద్దరికీ అలవాటే.

ఆ రోజు బ్రదర్ వారిన్ ఆమెను చూసి, బీరేదని సైగ చేశాడు. హవీస్ తల అడ్డంగా ఊపింది. ఆయన ఆగాడు. ఇంకేదో వస్తుందని చూశాడు. ఏమీ రాలేదు. చెవిలో వేలు పెట్టి తిప్పుకుని మళ్ళీ చూశాడు. హవీస్ తన పెదాల మీద వేలు పెట్టుకుంది.

"అయ్యో హవీస్! ఏమైందమ్మా? ఆస్‌బర్ట్ పోయాడా?" అనేశాడు బ్రదర్ వారిన్, గట్టిగా, ప్రార్థన గంట కొట్టకముందే.

అని, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా తప్పని నియమం. హవీస్ కాదన్నట్టు తల ఊపి, పిల్లలను బెదిరించినట్టు ఆయనకు వేలు చూపించి కదిలింది. ఆ పాపం ఆయన మఠం పెద్దస్వామి దగ్గర ఒప్పుకున్నప్పుడు, "హవీస్ మాట్లాడలేదా? అయితే నేనైనా అడిగేవాణ్ణేలే" అని పెద్దస్వామి శిక్ష సగానికి తగ్గించాడని తర్వాత చెప్పుకున్నారు.

కానీ వంతెన దాటుతుంటే హవీస్ కుండను గుండెకు హత్తుకుంది. పోయాడా అన్న ముక్క పక్కటెముకల్లో గుచ్చుకుంది. ఇంటికి వెళ్ళేసరికి ఆయన ఉంటాడా? అడుగులు వేగంగా వేస్తే నీళ్ళు తొణుకుతున్నాయి, నెమ్మదిగా వేస్తే మనసు ఊరుకోవడం లేదు.

ఊరి మొదట్లోనే సబీనా ఇల్లు. సబీనా కూడా బీరు కాస్తుంది. హవీస్ బీరులో నీళ్ళు కలుపుతుందని సబీనా దొరగారి మనిషికి చాడీ చెప్పిన నాటి నుంచి ఇద్దరికీ పడదు. ఎదురుపడితే సబీనా ఒకటంటే హవీస్ పదనేది. అందుకే సబీనా సాధారణంగా ఒకటి కూడా అనేది కాదు.

ఆ పొద్దున గేటు మీద మోచేతులు ఆనించి, "ఏంటమ్మా, ఆ కుండలో బీరా? నీళ్ళా? నీకు రెండూ ఒకటేగా" అంది.

హవీస్ ముందుకే నడుస్తోంది.

సబీనాకు నమ్మబుద్ధి కాలేదు. ఇంకోటి విసిరి చూసింది. జవాబు లేదు. ఇక గేటు తీసుకుని దారికి అడ్డంగా వచ్చేసింది. ఇన్నేళ్ళుగా కడుపులో దాచుకున్నవన్నీ వరుసగా బయటికి తీసింది. "నీ పెద్ద నోటికి ఇవాళ తాళం పడిందేం? అసలు నీ బీరు తాగి మఠం సన్యాసులకు మోక్షం దొరకడం లేదట, తెలుసా? నీ మొగుడు కప్పెక్కి కూర్చునేది పనుండి కాదే, నీ గోల పైదాకా రాదని!"

మామూలు రోజైతే హవీస్ ఏమనేదో రాయడానికి ఈ కాగితం చాలదు. ఆమె మెడ దగ్గర నరాలు పైకి లేచాయి. సరిగ్గా అప్పుడే సబీనా వెనక, దొడ్డి కంచె మీంచి గోధుమరంగు ముసుగేసుకున్న ఎవడో వంగి సబీనా పెద్దబాతును మెడ పట్టుకుని లేపాడు.

దొంగను చూసినవాళ్ళు కేక వేసి తీరాలి, విన్నవాళ్ళు పరుగెత్తి రావాలి. అది దొరగారి చట్టం, రాజుగారి చట్టం కూడా. హవీస్ కేకంటే మామూలు కేకా? మూడు ఊళ్ళు లేచి వస్తాయి. ఆ కేక అప్పటికే గొంతులోకి వచ్చేసింది కూడా. గొంతు వాచి ఈల వేస్తూ పడుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఆమె ఆ కేకను ముద్దలా మింగింది.

ఖాళీ చేత్తో సబీనా వెనక్కి చూపించింది. సబీనా తిరగలేదు. హవీస్ తన మోచేతిని రెక్కలా ఆడించింది. మెడ ముందుకు చాచి, తన గొంతు తానే పిసికి చూపించింది.

"నన్ను బాతంటావే?" అని సబీనా ఎగిరిపడింది. "నా గొంతు పిసుకుతావే? రా, పిసుకు చూద్దాం!"

దొంగ మాత్రం హవీస్‌కేసి చూసి, తల వంచి దండం పెట్టి మరీ పోయాడు. కేక వేయనందుకు ఆ తర్వాత దొరగారి కచేరీలో ఆమెకు ఒక పీపా బీరు జరిమానా వేశారు. తీర్పు చెప్పిన పన్నెండు మంది ఊరి పెద్దలూ అక్కడే దాన్ని ఖాళీ చేశారు. నీళ్ళు కలవలేదని కూడా ఏకగ్రీవంగా తేల్చారు.

సబీనాను పక్కకు తోసి, హవీస్ ఇల్లు చేరింది. కుండ నేలకు తగల్లేదు. నోట మాట రాలేదు. తలుపు తోసింది.

ఆస్‌బర్ట్ మేలుకునే ఉన్నాడు. విమార్క్ చెప్పిందంతా పెరట్లో చెప్పింది, అతనికేమీ తెలియదు. పెళ్ళాం తలుపు తీసుకుని వచ్చింది, కానీ తిట్టలేదు, పొయ్యి ఆరిపోయిందని అరవలేదు, దారిలో ఎవరెవరు కనిపించారో చెప్పలేదు. మౌనంగా వచ్చి, తడి కళ్ళతో, చెక్క గిన్నెలో నీళ్ళు ఒంపి నోటి దగ్గర పెట్టింది. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం అతనెప్పుడూ వినలేదు. అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"పోతున్నానా?" అన్నాడు గరగరమంటూ.

హవీస్ తల గట్టిగా అడ్డంగా ఊపింది.

"పోతున్నాను. ముసలమ్మ చెప్పింది నీకు. లేకపోతే నువ్వెందుకు మాట్లాడవు?" అతని కంట్లోంచి నీళ్ళు చెవిలోకి జారాయి. "ఒక్క మాట అను హవీస్. నన్ను తిట్టు. తిడితేనే తాగుతా."

గిన్నె దగ్గరికి తెస్తే పళ్ళు బిగబట్టాడు. ఇటు పెడితే అటు తిరిగాడు. ఇంత దూరం మోసుకొచ్చి, సబీనాను భరించి, దొంగ చేత దండం పెట్టించుకుని, చివరికి ఈ మొండి మనిషి దగ్గర ఓడిపోవాలా? హవీస్‌కు ఏడుపొచ్చింది. దాని వెనకే చెప్పలేనంత కోపమొచ్చింది.

తిట్టమన్నాడుగా. తిట్టింది. చంకలో కుండ, ఒక చేతిలో గిన్నె పట్టుకునే, గొంతు లేకుండా, ముఖంతోనూ మిగిలిన చేత్తోనూ ముప్పై ఏళ్ళ తిట్లన్నీ తిట్టింది. బురద చెప్పులతో ఇంట్లోకి వచ్చే అతని నడక నడిచి చూపించింది. బీరు కాచే మాల్టు గింజల బస్తా మీద కూర్చుని కునుకు తీసే తీరు, మెడ వాల్చి, నోరు తెరిచి చూపించింది. సంతలో పొట్టేలు కొనబోయి, బేరమాడడానికి నోరు రాక, అమ్మేవాడు అడిగినంతా ఇచ్చి గుడ్డి గొర్రెను తోలుకొచ్చిన రోజును గొర్రెతో సహా ఆడింది. చివరికి పొయ్యి దగ్గర కూర్చుని, బుగ్గలు వేలాడేసి, అచ్చు అతనిలాగే, చప్పుడు లేకుండా "ఊఁ" అంది.

ఆస్‌బర్ట్ పొట్ట కదిలింది. ఆపుకుందామని చూశాడు, నొప్పి పుట్టింది. ఆమె ఇంకోసారి అలాగే చప్పుడు లేని "ఊఁ" అంది. ఇక ఆగలేదు. నవ్వు ఈలలా మొదలై, దగ్గుగా మారి, మనిషంతా ఎగిరెగిరి పడ్డాడు. ఆ ఊపుకు గొంతులో గడ్డ చితికింది. మంచం పక్కకు వంగి, చీము, నెత్తురు భళ్ళున ఉమ్మేశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా చేతులు చాచి, గిన్నె అందుకుని చివరి చుక్కదాకా తాగాడు.

నయం చేసింది నీళ్ళా, నవ్వా అని మార్ల్‌బెక్‌లో ఇప్పటికీ తగువే. విమార్క్ మాత్రం నీళ్ళే అంటుంది.

హవీస్ కుండ నేల మీద పెట్టింది. ఇక మాట్లాడొచ్చు. నోరు తెరిచింది, ఏడుపు తప్ప ఏమీ రాలేదు. అతని ఛాతీ మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎంతసేపటికో కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. వాగు, బ్రదర్ వారిన్, ముసుగు దొంగ, అంతా కలగాపులగంగా చెప్పుకొచ్చింది.

"ఆ సబీనా ఎన్నెన్ని మాటలందనుకున్నావు! పన్నెండేళ్ళుగా దాచుకున్న కక్షంతా నా మీద..."

"పదమూడు" అన్నాడు ఆస్‌బర్ట్.

"ఏంటీ?"

"పదమూడేళ్ళు." గొంతు ఇంకా గరగరగానే ఉంది. "అది నీ మీద చాడీ చెప్పింది ఎర్రావు కవల దూడలను ఈనిన ఏడు. మిఖాయేలు పండగ మర్నాడు నాకు చెప్పావు. అప్పుడు వాన. పన్నెండేళ్ళ కిందటిది మీ అన్న మరలో ఎలుకల గొడవ. అది పెద్దకథ, రెండు రాత్రులు చెప్పావు."

హవీస్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఈసారి ముసలమ్మ ఆజ్ఞ కూడా లేదు.

"నువ్వు... వింటున్నావా?"

"ఊఁ" అన్నాడు ఆస్‌బర్ట్. ఆమె చేతిని దగ్గరికి లాక్కుని, గిన్నె అవతల పెట్టి, దిండు సర్దుకున్నాడు. "ఇందాక బాతు దగ్గర తొందరపడ్డావు. మళ్ళీ మొదట్నించి చెప్పు."