కుడిచేతి ఫోర్కు

ఎడింబరో అనే ఊరిని నేనెన్నడూ చూడలేదు. అయినా ఆ ఊరి మీద నాకున్నంత కోపం ఇంకే ఊరి మీదా లేదు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, వరంగల్‌లోని మా మిషన్ బడి నుంచి ఒక్క పిల్లను టీచరు చదువుకు ఆ ఊరికి పంపిస్తామన్నారు. పోటీలో మిగిలింది ఇద్దరమే. ఒకతెను నేను, మిషన్ బంగ్లాలో, బడి నడిపే తెల్ల దొరసానికి వండిపెట్టే ఆమె కూతుర్ని. రెండోది నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి బోర్డింగులో ఉండి చదువుకునే పిల్ల. నాకంటే ఏడాది చిన్నది, అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగేది. లెక్కల్లో నేనే ముందు. ఇంగ్లీషులోనూ నేనే ముందు. పుట్టినప్పటి నుంచీ దొరసాని మాటలు వింటూ పెరిగినదాన్ని, ఉండనా మరి?

దొరసాని ఇద్దరినీ వరండాలో నిలబెట్టి, తన పుస్తకాల తెలుగులో తేల్చేసింది. "నీకు తెలివి ఎక్కువ. కోపం కూడా ఎక్కువ. పరాయి దేశంలో శాంతం కావాలి. ఈమె వెళ్తుంది."

వంటింట్లోకి పోయి చేతికందిన సత్తు గిన్నెను నేలకేసి కొట్టాను. "గందుకే నిన్ను పంపుతలేరు" అన్నది మా అమ్మ. సొంత తల్లి!

ఆ నెలంతా నాకు కడుపుమంటే. ఎవరిని చూసినా ఆ పిల్ల ప్రయాణం పనిమీదే ఉన్నారు. హన్మకొండ నుంచి ఒకామె ఉన్ని స్వెటరు అల్లి తెచ్చింది. చర్చిలో పాదిరిగారు దాన్ని ముందుకు పిలిచి, తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను తెరిచే ఉంచాను. దాని కొత్త బూట్లు చూస్తూ అవి బాగా కరవాలని కోరుకున్నాను. దేవుడి ముందే కోరుకున్నాను.

ప్రయాణం ఇంకా వారం ఉందనగా అది వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అక్కా, కత్తి, ఫోర్కు పట్టుడు జర నేర్పవా? అందరి ముంగట నవ్వులపాలైతనేమోనని ఫికరైతాంది. నాకు నువ్వు దప్ప ఎవలున్నరు?"

బల్ల సర్దడం నాకు ఏడో ఏట నుంచే వచ్చు. ఫోర్కు ఎడమ చేతికి, కత్తి కుడి చేతికి. ఒక ఆలుగడ్డ ఉడకబెట్టి పింగాణీ పళ్లెంలో పెట్టాను. అది ఫోర్కును ఎడమ చేత్తోనే అందుకోబోయింది.

"దొరసాని గిట్లనే తింటదట గద?"

"ఛీ, ఎవలు చెప్పిండ్రే? ఎడమ చేతితోటి ఎవలన్న తింటరా? ఫోర్కు కుడి చేతికి, కత్తి ఎడమకు."

నమ్మింది. నమ్మకేం చేస్తుంది? ఎడమ చెయ్యి అన్నం దగ్గరికి వస్తే తల్లులు చెంప పగలగొట్టే ఇళ్లలో పుట్టినవాళ్లం ఇద్దరమూ. సూపు అడుగంటినప్పుడు గిన్నెను రెండు చేతులా ఎత్తి తాగాలని కూడా చెప్పాను. ఆ అబద్ధాలు చెబుతుంటే నాకెంత హాయిగా ఉండిందో! వారం రోజులు అది ఎడమ చేత్తో ఆలుగడ్డ కొయ్యలేక తంటాలు పడుతుంటే, "ఆఁ, గట్లనే, మంచిగొస్తాంది" అని మెచ్చుకున్నాను.

రైలెక్కేటప్పుడు నన్ను పట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఆ రైలు నాది కాకపోయెనే అని.

మూడు నెలలకు ఉత్తరం వచ్చింది. కొండమీద కోట, పొగకు నల్లబడ్డ రాతి మేడలు, చలికాలం నాలుగింటికే చీకటి, అన్నీ రాసింది. మేడ మేడకూ నేను పళ్లు నూరాను. ఆఖరి పేజీలో ఇలా ఉంది.

"అక్కా, మొదటి రోజు భోజనం దగ్గర అమ్మాయిలంతా నన్ను చూసి నవ్వారు. ఫోర్కు పట్టే చెయ్యి తప్పంటారు. నేను ఒప్పుకోలేదు. మా అక్క దొరసాని బంగ్లాలో పెరిగింది, ఆమె నాకు తప్పు నేర్పదు అన్నాను. ఎంత నవ్వినా సరే, నువ్వు నేర్పినట్టే తింటున్నాను."

అక్కడితో నా సంబరం చల్లారింది. బల్లమీద ఫోర్కు పెట్టిన ప్రతిసారీ ఆ ఉత్తరమే గుర్తొచ్చేది. నిజం రాద్దామని ఎన్నిసార్లు కాగితం తీశానో! రాస్తే అది జన్మలో నాతో మాట్లాడదు. రాయకపోతే అక్కడ రోజూ నవ్వులపాలవుతుంది. ఏడాదిన్నర పాటు "బాగా చదువుకో" అని మాత్రమే రాశాను.

అది తిరిగొచ్చిన రోజు బంగ్లాలో విందు పెట్టారు. అప్పటికి నేను మా బడిలోనే చిన్న క్లాసులకు పాఠాలు చెబుతున్నా, ఆ పూట అమ్మకు సాయంగా వడ్డించాను. దొరసాని పక్కన కూర్చున్న దాని చేతుల మీదే నా కళ్లు. అది ఫోర్కు ఎడమ చేత్తో తీసుకుంది. ఒక్క బటానీ గింజ జారనివ్వలేదు.

విందు అయ్యాక తిన్నగా వంటింట్లోకి వచ్చి పీట వేసుకుంది. "ఆ తిండి కడుపుకు ఆనలే అక్కా. బువ్వ పెట్టు." అన్నం పెట్టి పచ్చిపులుసు పోశాను. ఇక ఆగలేకపోయాను.

"నేను కావాల్ననే తప్పు నేర్పిన. కుళ్లుతోటి."

"తెలుసు. మొదటి పూటనే తెలిసింది. పక్క పిల్లను చూసి చెయ్యి మార్చుకున్న."

"మరి ఆ ఉత్తరం?"

ముద్ద కలుపుతూనే ఉంది, తలెత్తలేదు. "నువ్వు కుమిలి కుమిలి ఏడ్వాల్నని రాసిన. ఏడ్చినవా?"

"ఏడాదిన్నర."

"మంచిగైంది. ఇంకింత పచ్చిపులుసు పొయ్యి."

పోశాను. శాంతం అని దొరసాని ఏరి పంపింది ఈ పిల్లనే! గుండెమీది బరువు దిగిన మాట నిజమే. కానీ దాంతోపాటే పాత మంట మళ్లీ లేచింది. నేను వారం రోజులు చెమటోడ్చి నేర్పిన అబద్ధం ఒక్క పూట నిలవలేదు. అది ఒక్క పేజీలో రాసిన అబద్ధం ఏడాదిన్నర నిలిచింది. అందులో కూడా దానికే ఫస్టు.