ఎడమ కంటికి పని చెప్పిన పంతులమ్మ

మొన్న అన్నం తింటుంటే పంటి కింద రాయి కరకరలాడింది. కోడలు నొచ్చుకుంది. నాకు మాత్రం సువార్తమ్మ పంతులమ్మ ఇంటి వసారా గుర్తొచ్చింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గురజాల దగ్గర మా ఊరి మిషను బడికి ఆమె ఒక్కతే పంతులమ్మ. నాకప్పుడు ఆరేళ్లు. నా ఎడమ కన్ను పక్కకు తిరిగి ఉండేది. దాంతో చూస్తే అన్నీ అలుక్కుపోయినట్టుండేవి. ఆమె నన్ను మిషను ఆసుపత్రిలో చూపించి, డాక్టరమ్మ చెప్పిన ప్రకారం రోజూ బడి వదిలాక నా కుడి కంటికి నల్లగుడ్డ కట్టేది. చేటలో కొర్రలు పోసి రాళ్లు ఏరమనేది.

మా నాయనమ్మ ఊరుకోలేదు. "బాగున్న కన్ను మూస్తావేంది? పిల్లని గుడ్డిదాన్ని చేస్తావా?" అంటూ గుడ్డ లాగేసింది.

"ఎడమ కన్ను పని మానేసింది పెద్దమ్మా. ఈ వయసులో నేర్పకపోతే ఇంకెప్పటికీ నేర్చుకోదంట," అంటూ పంతులమ్మ మళ్లీ కట్టింది.

"గంతల గానుగెద్దు వచ్చిందిరోయ్!" అని వీధి పిల్లలు అరిచేవాళ్లు. ఒకరోజు ఏడుస్తూ చేట తోసేశాను. "నాకు కనపడటంలా!"

"కనపడకపోతే ఇంకాసేపు చూడవే. ఇయ్యి మనం తినబొయ్యే కొర్రలు."

అన్నంత పనీ చేసింది. నేను ఏరినవే వండి, నా పక్కనే కూర్చుని తినేది. "ఏమే, నీ కన్ను రాకముందే నా పళ్లు రాలేట్టున్నాయే," అని నవ్వేది గానీ, తాను మాత్రం ఒక్క రాయీ ఏరేది కాదు. నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కంచం ఖాళీ అయినా పంటికి ఒక్క రాయీ తగల్లేదు. పంతులమ్మ చేయి కడుక్కుని పలక తెచ్చి, "ఇక ఈ కంటితోనే అక్షరాలు," అంది.

పెళ్లయ్యాక నాపరాళ్ల క్వారీలో పనిచేస్తుండగా రాతి పెచ్చు ఎగిరి తగిలి నా కుడి కన్ను పోయింది. ఐదో తరగతితో ఆగిన చదువును ఎడమ కంటితోనే గ్రంథాలయంలో కొనసాగించాను. అక్కడే ఒక శరీరశాస్త్ర పుస్తకాన్ని పట్టుబట్టి రెండుసార్లు చదివాను. కన్ను ఉన్నంత మాత్రాన చూపు రాదట. కంటి నుంచి మెదడుకు వెళ్లే దారులు పసితనంలో చూడగా చూడగా గట్టిపడతాయి. ఒక కన్ను వెనకబడితే, మెదడులో దాని చోటును రెండోది ఆక్రమిస్తుంది. ఆ వయసు దాటాక దారి వేయడం చాలా కష్టం. పంతులమ్మ వేళకు వేయించింది.

ఈ మధ్య ఈ కంటికీ పొర కమ్ముతోంది. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకమ్మా?" అన్నాడు నా కొడుకు.

"లైబ్రరీలో ఇంకా రెండు బీరువాలు మిగిలున్నయ్‌రా," అన్నాను. "బండి మాట్లాడు."