మూగబోయిన మువ్వలు

అమీర్‌పేటలో మేముండే రెండో అంతస్తు ఇంట్లో కిందటేడు బోనాలకు ముందు జరిగిన సంగతి ఇది. చూపు మందగించిన మా అమ్మ, ఏడాదిన్నర వయసున్న నా మనవరాలు చిన్ని ఎక్కడుందో దాని పట్టీల చప్పుడును బట్టే చెప్పేది. ఆ వెండి పట్టీలు నల్లబడ్డాయని నగలకు మెరుగుపెట్టే చిన్న మిషన్ తెప్పించాను. తిరిగే డబ్బాలో సబ్బునీళ్లు, ఆవగింజంత స్టీలు గుండ్లు పోసి, పట్టీలు వేసి నలభై నిమిషాలు తిప్పాను. ఏవైనా ఊడాయేమోనని మువ్వలు లెక్కపెట్టాను: ముందు పద్దెనిమిది, తర్వాతా పద్దెనిమిదే. తృప్తిగా చిన్ని కాళ్లకు తొడిగి, దాన్ని అమ్మ దగ్గర వదిలి, డబ్బా కడగడానికి వెళ్లాను.

“అరే, బిడ్డ ఏడున్నదిరా? మువ్వలు ఇనవడ్తలేవు!”

అమ్మ కేకకు పరుగెత్తుకొచ్చాను. బయటి తలుపు తెరిచి ఉంది. చిన్ని మెట్ల అంచున నిలబడి ఒక కాలు ముందుకు చాపుతోంది. ఒక్క ఉదుటున ఎత్తుకున్నాను. కాలు ఆడించి చూస్తే చప్పుడే లేదు. మువ్వల చీలికల్లో స్టీలు గుండ్లు ఇరుక్కుపోయాయి.

చిన్నిని అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, పట్టీలు విప్పి, సూదితో గుండ్లు ఒక్కొక్కటే తీశాను. మువ్వల్ని రెండుసార్లు లెక్కపెట్టాను గానీ ఒక్కసారైనా ఆడించి వినలేదు.

“తళతళ నాకేం కనవడ్తదిరా? జర మోగేటట్టు చెయ్యి, సాలు,” అంది అమ్మ, చిన్నిని ఒళ్లోంచి దించకుండా.